వర్లి అడ్రసు

బొంబాయి కామాటిపురాలో రత్నాబాయి నోటికి జడవని వాళ్లు లేరు. నల్లా దగ్గర ఎవరైనా వరుస తప్పి బిందె పెట్టారా, ఆ బిందె గల్లీ చివరిదాకా దొర్లుకుంటూ పోవలసిందే. బీడీ కార్ఖానాలో ఇచ్చిన ఆకు బాగాలేదని ముఖం మీదే విసిరికొట్టి, మంచి ఆకు ఇప్పించుకుని వచ్చే మనిషి ఆమె ఒక్కతే. మాట పడటమన్నది ఆమె ఇంటా వంటా లేదు. అలాంటి రత్నాబాయి, పందొమ్మిది వందల ఎనభై అయిదో సంవత్సరం ఎండలు ముదిరే రోజుల్లో వాళ్లుండే వరుస గదుల చాల్‌లో అందరినీ తప్పించుకు తిరగసాగింది. నల్లా దగ్గరికి అందరికన్నా ముందే పోయి, తల వంచుకుని వచ్చేసేది. గదుల ముందరి గ్యాలరీలో నలుగురితో కూర్చుని బీడీలు చుట్టేదల్లా తలుపు దగ్గరికి వేసుకుని లోపలే చుట్టేది.

కారణం ఆమె నెత్తిమీదే ఉంది. ఇది మాటవరసకు అనడం కాదు. ఆ ఒంటిగది ఖోలీలో సగం మేర పలకలు కొట్టి అటక కట్టుకున్నారు. ఆ అటక మీద ఆమె కూతురు మంగళ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల, తొమ్మిదో తరగతి. జ్వరం లేదు, దగ్గు లేదు, ఎక్కడా దెబ్బ లేదు. లేపితే లేచి కూర్చుంటుంది, వదిలేస్తే మళ్లీ ఒరిగిపోతుంది. జడ వేసుకోదు. స్నానం చేయమంటే రేపంటుంది. బడికి పోయి నెల దాటింది.

పక్క ఖోలీ గంగాబాయి ఊరుకుంటుందా, అడిగింది. "ఏమే రత్నా, పొల్ల శాలకు పోతలేదా? కండ్లవడ్తనే లేదు."

"పచ్చకామెర్లయినయక్కా. డాక్టర్ ఆరాం జేయమన్నడు," అంది రత్నాబాయి.

గంగాబాయి మంచి మనిషి. అదే చిక్కు. మర్నాడు ఎక్కడెక్కడో తిరిగి నేల ఉసిరి సంపాదించి, దంచి, పసరు పిండి గిన్నెలో పట్టుకొచ్చింది. రత్నాబాయి దాన్ని మోరీలో పారబోసి, గిన్నె తోమి ఇచ్చేస్తూ తాగిందని చెప్పింది. గంగాబాయి సంతోషపడి ఇంకో మూడు రోజులు తెచ్చింది. ఆ మూడు రోజులూ రత్నాబాయి ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. కూతురికి ఏమైందో చెప్పడానికి తనకే తెలియదు. తెలిసిన కాస్తా చెప్పుకోదగ్గది కాదు.

అసలీ కథ ఒక అబద్ధంతో మొదలైంది. ఆ అబద్ధాన్ని కన్నది కూడా రత్నాబాయే, ఇంకెవర్నో అనడానికి లేదు.

ఆమె తాతల కాలంలో పాలమూరు వైపు నుంచి వచ్చి, రాళ్లు మోసి, సున్నం కలిపి ఆ నగరంలో మేడలు లేపిన వాళ్లు కామాటీలు. వాళ్ల పేరు మీదే ఆ పేట. తర్వాత ఆ పేటకు ఇంకో పేరు వచ్చి పడింది. దీపాలు పెట్టే వేళకు కొన్ని గుమ్మాల్లో నిలబడే ఆడవాళ్ల వల్ల వచ్చిన పేరు అది. వాళ్లూ పొట్టకూటికి వచ్చినవాళ్లే, కానీ లోకం అంత దూరం ఆలోచించదు. బొంబాయిలో ఎవరి ముందైనా కామాటిపురాలో ఉంటామంటే చాలు, అవతలి వాళ్ల చూపు మనిషి పైనుంచి కిందిదాకా ఒక్కసారి పోయి వస్తుంది. రత్నాబాయి మొగుడు ముత్తయ్యది మునిసిపాలిటీలో రోడ్డు పని. ఆయన ఆ చూపుకు ఏనాడో అలవాటు పడ్డాడు. రత్నాబాయి మాత్రం పడలేదు. తాగిన వాళ్లు పొరపాటున తట్టకుండా తలుపు మీద తెల్లరంగుతో 'ఫ్యామిలీ రూమ్' అని రాయించింది. అక్షరం కాస్త చెరిగితే చాలు, రంగు డబ్బా తెచ్చి మళ్లీ దిద్దించేది.

మంగళ ఏడో తరగతి దాకా దగ్గరి మునిసిపల్ బడిలో చదివింది. చురుకైన పిల్ల. పాఠం ఒకసారి వింటే చాలు. అందుకని దాదర్ వైపు ఒక మంచి మరాఠీ ఆడపిల్లల హైస్కూల్లో వేద్దామనుకున్నారు. వేసే ముందు రోజు రత్నాబాయి వర్లి చాల్‌లో ఉండే అక్క రాజవ్వ దగ్గరికి పోయి గొణిగింది. "అక్కా, అడ్రసు మీదిచ్చుకుందుమా? మా గల్లీ పేరు జెప్తే పొల్లలు దానితోని కూసుండరు."

"ఇయ్యిరాదే," అంది రాజవ్వ. "తల్లెవ్వలంటే నేనే అని జెప్త. నువ్వొద్దు. నీ చేతులకు తంబాకు వాసన, నీ నోట్ల మాట ఆగదు. ఎవ్వలన్న ఏమన్నంటే కయ్యానికి వోయి మనది కామాటిపురా అని నువ్వే కక్కుతవు."

నిజమే కదా అనుకుంది రత్నాబాయి. అక్క బిడ్డయితేనేం, నా బిడ్డయితేనేం. అట్లా బడిలో రాజవ్వ మంగళకు తల్లి అయింది, వర్లి ఇల్లయింది.

అబద్ధం ఆడటం ఒక్క పూట పని. దాన్ని నిలబెట్టడానికి మాత్రం రోజూ చాకిరీ చేయాలి. ఆ చాకిరీ మంగళ నెత్తిన పడింది. గల్లీలో కేకలూ పాటలూ సద్దుమణిగి పిల్లకు కన్ను అంటుకునేసరికే ఆలస్యం, నల్లా వచ్చేసరికి మళ్లీ లేవాలి. చాయ్‌లో బన్ను ముంచుకుని తిని బస్సుకు పరుగు. మొదట్లో తల్లి జొన్నరొట్టె డబ్బాలో పెట్టి ఇచ్చేది. ఒకరోజు పక్కనున్న పిల్ల ముక్కు చిట్లించి, నీ డబ్బా బీడీ వాసన వేస్తోందంది. అప్పటి నుంచి మంగళ డబ్బా మరిచిపోవడం మొదలుపెట్టింది. సాయంత్రందాకా ఖాళీ కడుపే. బడి అయ్యాక స్నేహితులతో పాటు వర్లిలో దిగాలి కదా, దిగేది. వాళ్లకు చెయ్యి ఊపి రాజవ్వ ఇంట్లోకి పోయి, వాళ్లు ఇళ్లల్లోకి పోయేదాకా కూర్చుని, మళ్లీ ఇంకో బస్సు పట్టుకుని నాగ్‌పాడా దగ్గర దిగి ఇల్లు చేరేది. అప్పటికి గ్యాలరీలో తాడాట ఆడే పిల్లలు ఇళ్లల్లోకి వెళ్లిపోయేవాళ్లు. వర్లిలో చుట్టం, కామాటిపురాలో రాత్రికి వచ్చి పడుకునే మనిషి. రెండు చోట్లా ఆట లేదు. మీ ఇంటికి వస్తామని స్నేహితులు అడిగితే ఒకసారి సున్నాలు వేస్తున్నారనీ, ఒకసారి నాయనకు బాగాలేదనీ చెప్పి ఆపేది.

"నా బిడ్డకు బుద్ధి శానా ఉన్నది," అని రత్నాబాయి మురిసిపోయేది. పిల్ల చెంపలు లోపలికి పోతున్న సంగతి ఆమె చూడలేదు. ఎదిగే పిల్లలు అట్లాగే ఉంటారులే అనుకుంది.

ఆ డిసెంబర్లో బడిలో గ్యాదరింగ్ జరిగింది. మరాఠీ బడుల్లో సంవత్సరానికి ఒకసారి పిల్లల ఆటపాటలు పెట్టి, తల్లిదండ్రులను పిలిచి, ప్రైజులిచ్చే పండగ అది. ఉపన్యాసంలో మంగళకు మొదటి ప్రైజు వచ్చింది. తల్లి హోదాలో రాజవ్వ పోవాలి. రత్నాబాయికి మనసాగలేదు. "నేనూ వస్త అక్కా, ఎన్కకు కూసుంట, నోరు తెరువ," అని బతిమాలింది. నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, పెళ్లినాటి చీర కట్టుకుని పోయి చివరి వరుసలో కూర్చుంది. కూతురు వేదిక ఎక్కి మరాఠీలో గలగలా మాట్లాడుతుంటే సగం అర్థం కాలేదు. అయినా కొంగు తడిసేలా ఏడ్చింది.

అంతా అయ్యాక బడి ముందర మంగళ ఇద్దరు స్నేహితులతో, తన టీచరు శాంతాబాయితో నిలబడి ఉంది. దూరంగా ఉంటానన్న మాట రత్నాబాయి కాళ్లకు గుర్తులేదు. అవి ఆమెను అక్కడికే తీసుకుపోయాయి. ఒక పిల్ల ఆమెను చూసి, ఈమె ఎవరని మంగళను మరాఠీలో అడిగింది.

మంగళ తల్లి వంక ఒక్క క్షణం చూసింది. "మావశి," అంది. "గావాకడూన్ ఆలీ."

మావశి అంటే చిన్నమ్మ. ఊరి నుంచి వచ్చింది, అంది.

రత్నాబాయి రెప్ప కూడా ఆర్పలేదు. "హా, హా, మావశి," అని తలాడించి, ఊరి దానిలా రెండు చేతులూ జోడించి టీచరుకు నమస్కారం కూడా పెట్టింది. తిరుగు బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇంటికి రాగానే మొగుడి ముందు చేతులు తిప్పుతూ చెప్పింది. "ఏం తెలివి జూడు నీ బిడ్డది! ఉలుకు లేదు పలుకు లేదు. టక్కున మావశి అన్నది! నేను గిట్ల దండం వెట్టిన!" ముత్తయ్య కూడా నవ్వాడు. ప్రైజుగా ఇచ్చిన స్టీలు గిన్నె ఒక మూల పెట్టి మంగళ అటక ఎక్కింది. రొట్టెకు పిలిస్తే ఆకలి లేదంది. అలిసిపోయిందనుకున్నారు.

ఆ రోజు నుంచి పిల్ల కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ముందు తాడాట మానేసింది. సెలవు రోజుల్లోనైనా ఆడేది, అదీ లేదు. తర్వాత పక్కింటి టీవీలో పాటలకు పోవడం మానేసింది. తర్వాత పుస్తకం. ఫిబ్రవరి వచ్చేసరికి ఒక పొద్దున లేవనే లేదు.

రత్నాబాయి చేతిలో ఉన్న మొదటి మందు నోరు. అదే వాడింది. "తిన్నది అరుగక పండుకున్నవానే? మహారాణి లెక్క! నీ ఈడుకు నేను రోజంత బీడీలు జేసి, ఇంటెడు నీళ్లు మోసిన." మంగళ తిరిగి ఒక్క మాట అనలేదు. అదే రత్నాబాయిని భయపెట్టింది. ఎదురు తిట్టిన వాళ్లతో ఆమె పొద్దంతా పోట్లాడగలదు, మాట్లాడని మనిషితో ఏం చేయాలో ఆమెకు తెలియదు. తర్వాత ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. దిష్టి పోలేదు. నాగ్‌పాడాలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నాలుక చూసి, కనురెప్ప కిందికి లాగి చూసి, ఎర్రటి టానిక్కు రాసిచ్చాడు. వేళకు తిండి పెట్టండి, వేళకు నిద్రపోనివ్వండి, ఎండలో ఆడుకోనివ్వండి, అంతకు మించి ఏమీ లేదన్నాడు. రత్నాబాయికి చెంప మీద కొట్టినట్టయింది. ఆయన చెప్పిన వాటిలో ఒక్కటైనా రెండేళ్లుగా తన పిల్లకు లేదు. లేకుండా చేసింది తనే.

ముత్తయ్య తనకు తోచింది తను చెప్పాడు. "పెండ్లి జేసి తోలిద్దామే. అన్నీ సర్దుకుంటయ్."

"పండుకున్న పొల్లను పీటల మీద గూసుండవెడ్తవా? సిగ్గులేదు నీకు?" అని రత్నాబాయి మీద పడితే, ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం కూతుర్ని బలవంతాన కిందికి దింపి, చిక్కులు తీస్తూ కూర్చుంది. జుట్టు అట్టలు కట్టి ఉంది. "ఎవ్వలన్న ఏమన్న అన్నరా బిడ్డా?" అని మెత్తగా అడిగింది. ఆమెకు మెత్తగా అడగడం అలవాటు లేదు, గొంతు తనకే కొత్తగా వినపడింది.

"లేదు."

"మరేందే?"

మంగళ తలెత్తకుండా అంది, "నేనే మంచిదాన్ని గాను."

రత్నాబాయి చేతిలో దువ్వెన ఆగిపోయింది. పిల్ల ఎందుకు ఆ మాటందో అడగబోయి అడగలేకపోయింది. బస్సులో తను నవ్విన నవ్వు, మొగుడి ముందు పెట్టి చూపించిన దండం కళ్ల ముందుకు వచ్చాయి. కన్నతల్లిని పట్టుకుని మావశి అన్న పిల్ల ఇంటికి వచ్చేసరికి తల్లి చప్పట్లు కొట్టి మెచ్చుకుంది. ఒక్క మాట తిట్టినా, ఒక్క కన్నీటి చుక్క పెట్టుకున్నా ఆ పిల్ల గుండె బరువు దిగేదేమో. ఇప్పుడు ఆ సంగతి ఎత్తడానికి రత్నాబాయికి మొహం చెల్లలేదు. మళ్లీ దువ్వుతూ, "తల అంత పేలు వడ్డయి," అని మాట మార్చింది.

ఆ వారంలోనే రాజవ్వ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. కూర్చోకముందే మొదలుపెట్టింది. "నీ బిడ్డ టీచర్ మా ఇంటికి వచ్చిందే! శాంతాబాయి. మంగళ ఏదన్నది. నాకు పానం వోయినంత పనైంది. జరమొచ్చి ఊరికి వోయిందని జెప్పిన. వచ్చే ఆదివారం మల్ల వస్తదంట. పరీక్షకు కూసోకుంటే ఏడాది పోతదంట."

"ఇప్పుడెట్ల అక్కా?"

"ఎట్లంటే గట్ల. ఆదివారం పొల్లను తోల్కరా. మా మంచం మీద పండవెడదాం. నువ్వు స్టవ్వు దిక్కు కూసో. మావశి వచ్చిందంటం, ఆమె నిన్ను జూసిందే గదా."

బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. ఏ అబద్ధం పిల్లను మంచాన పడేసిందో రత్నాబాయికి తెలుసు. తెలిసి కూడా సరేనంది. టీచరుకు నిజం తెలిస్తే బడి నుంచి పేరు కొట్టేస్తారని భయం, అంతకన్నా ఆ పైనుంచి కిందికి పోయే చూపంటే భయం. ఆదివారం మంగళకు తలంటి, రెండు జడలు వేసి, ఇస్త్రీ గౌను తొడిగి వర్లి తీసుకుపోయింది. ఎక్కడికి ఎందుకని పిల్ల అడగలేదు. పడుకోమన్న మంచం మీద పడుకుంది.

శాంతాబాయి మొసంబీలు పట్టుకుని ఒక్కతే వచ్చింది. నలభై దాటిన మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. మంచం పక్కన కూర్చుని మంగళ చెయ్యి పట్టుకుంది. మంగళ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అట్లా అని పట్టుకోనూ లేదు. టీచరు రాజవ్వ వైపు తిరిగి మరాఠీలో అడగడం మొదలుపెట్టింది.

"ఏమైనా తింటోందా?"

"అన్నీ తింటది బాయీ."

"నిద్రపోతోందా?"

"మంచిగ పోతది."

"ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?"

రాజవ్వ రత్నాబాయి వైపు చూసింది. ఆమెకేం తెలుసు, పిల్ల ఆమె ఇంట్లో ఉండేది సాయంత్రం కాసేపు. స్టవ్వు పక్క నుంచి రత్నాబాయి గొంతు దానంతట అదే వచ్చేసింది.

"గ్యాదరింగ్ అయిన కాన్నుంచి బాయీ. సగం రొట్టె తింటది, అది గూడ పోరు వెడ్తె. పగలు పండుకుంటది, రాత్రి కండ్లు తెరుసుకోని పైకప్పు జూస్కుంట ఉంటది. ఇంతకుముందు తాడాట ఆడితె ఎవ్వలు ఓడగొట్టలేకపోతుండె. ఇప్పుడు మెట్లు దిగుతలేదు. నేను మంచిదాన్ని గానని అంటది."

శాంతాబాయి మెల్లగా ఆమె వైపు తిరిగింది. "మీరు చిన్నమ్మ కదా? ఊళ్లో ఉంటారన్నారు. రాత్రి కళ్లు తెరుచుకుని ఉంటుందని మీకెట్లా తెలుసు?"

రాజవ్వ వెనక నుంచి కళ్లతో వద్దు వద్దని సైగ చేస్తోంది. రత్నాబాయి స్టవ్వు దగ్గర నుంచి లేచి నిలబడింది. తర్వాత తన వచ్చీరాని మరాఠీలో అనేసింది.

"నేను మావశిని గాను. తల్లిని. మా ఖోలీ వర్లిల లేదు బాయీ. కామాటిపురాల ఉన్నది."

ఆ చూపు వచ్చింది. ఎంత మంచి మనిషైనా శాంతాబాయి చూపు కూడా పైనుంచి కిందికి ఒక్కసారి పోయి వచ్చింది. అయితే ఆవిడకు ఆ సంగతి వెంటనే తెలిసింది. మొహం ఎర్రబడి, చూపు మంగళ వైపు తిప్పుకుంది.

"మంగళా, నిజమా? ఈమె మీ ఆయీనా, మీ అమ్మేనా?"

మంగళ లేచి కూర్చుంది. తల్లిని చూసింది, రాజవ్వను చూసింది.

"నాహీ బాయీ," అంది. "మావశి."

రాజవ్వ హమ్మయ్య అని ఊపిరి వదలడం గదిలో అందరికీ వినపడింది. రత్నాబాయికి తల కొట్టేసినట్టయింది. టీచరు ముందు సిగ్గుపడటానికి ఆమె సిద్ధపడే నోరు విప్పింది. ఈ దెబ్బకు సిద్ధంగా లేదు. కోపం వచ్చింది కూడా, రాలేదంటే అబద్ధం. కానీ కూతురి మొహం చూసేసరికి ఆ కోపం నిలవలేదు. తప్పు చెబితే దెబ్బలు పడతాయేమోనని పాఠం అప్పజెప్పే పిల్ల మొహం అది. అమ్మ ఏదో తడబడి బయటపడిపోయింది, నేనైనా కాపాడాలి అన్న కంగారు ఆ కళ్లల్లో ఉంది.

"పొల్లను ఏమనకుండ్రి బాయీ," అంది రత్నాబాయి. "నేను నేర్పిందే జెప్పింది. గ్యాదరింగ్‌ల గట్లన్ననాడు ఇంటికి వోయి నవ్విన నేను. శెభాష్ అన్న. నా బిడ్డ నన్ను కాదంటె శెభాష్ అన్న."

శాంతాబాయి మంగళ చెయ్యి మళ్లీ అందుకుంది. ఇది ఒంటి జబ్బు కాదనీ, పిల్ల మనసు కుంగిపోయిందనీ చెప్పింది. మునిసిపాలిటీ పెద్దాసుపత్రిలో దానికి డాక్టర్లు ఉన్నారు, వెంట తను వస్తుంది. పేరు కొట్టేసే మాట లేదు, ఆ సంగతి హెడ్మిస్ట్రెస్‌తో తను మాట్లాడుకుంటుంది. "కానీ ముందు తనతో నేను తన ఇంట్లో మాట్లాడాలి. ఇక్కడ నోరు విప్పదు. రేపు బడి అయ్యాక వస్తాను. ఆ వైపు నేనెప్పుడూ రాలేదు, బస్సు దిగే చోట ఎవరైనా ఉంటారా?"

"ఫోరస్ రోడ్ నాకా మీద దిగుండ్రి. నేను నిలవడ్త," అంది రత్నాబాయి.

తిరుగు బస్సులో మంగళ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. రాగానే అటక ఎక్కింది.

మర్నాడు సాయంత్రం కాకముందే రత్నాబాయి మొహం కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని, అటక వైపు చూసి చెప్పింది. "మీ టీచర్ బాయి వస్తున్నది. ఖోలీ దొర్కదు ఆమెకు. నాకా మీద నిలవడి తోల్కవస్త." పైన పలక ఒకటి కిర్రుమంది.

ఆ గల్లీల్లో సంసారాలు చేసుకునే ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి లేదు, నడక వచ్చిన ఆడపిల్లకు తల్లి చెప్పే మొదటి సంగతి అది. నడువు, నిలబడకు. బజారుకు పోతున్నా నడుస్తూనే ఉండు. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడువు. తోడబుట్టినది ఎదురైనా నడుస్తూనే పలకరించు. ఎందుకంటే అక్కడ రోడ్డు పక్కన నిలబడిన ఆడమనిషికి ఒకటే అర్థం. నలభై ఏళ్లలో రత్నాబాయి ఆ నాకా మీద, దారులు కలిసే ఆ మూలన, ఒక్కసారి కూడా నిలబడలేదు. నిన్న నిలబడతానని ఎట్లా అనేసిందో ఆమెకే తెలియదు. వేరే దారి మాత్రం లేదు.

పోయి నిలబడింది. బస్సు రాలేదు. పాన్‌ డబ్బా దగ్గరి వాళ్లు చూశారు. సైకిల్ మీద పోయేవాడు వెనక్కి తిరిగి చూశాడు. అప్పటికే పక్క గుమ్మం ముందు ఇద్దరు ఆడవాళ్లు పౌడర్ వేసుకుని నిలబడి ఉన్నారు. అందులో ఒకామె రత్నాబాయిని చూసి, ఏ ఎగతాళీ లేకుండా, కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. రత్నాబాయికి భూమి చీలితే బాగుండుననిపించింది. కూరగాయల సంచితో గంగాబాయి ఎదురొచ్చింది. ఆమె చూసి, తల తిప్పుకుని గబగబా నడిచిపోయింది. రేపు నల్లా దగ్గర ఏం మాట్లాడుకుంటారో రత్నాబాయికి ఇప్పుడే వినపడుతోంది. అయినా కదల్లేదు. తను కదిలితే శాంతాబాయి దిగి, ఎవరూ లేరని మళ్లీ అదే బస్సెక్కి పోతుంది. అట్లా పోతే పిల్ల అటక మీదే ఉండిపోతుంది.

సంచి చంకన పెట్టుకున్న ఒక నడివయసు మనిషి ఆమె ముందు ఆగాడు.

"కిత్నా?" అని ధర అడిగాడు.

ఇంకోచోటైతే వాడి ఏడు తరాలూ రోడ్డున పడేవి. గల్లీనంతా గడగడలాడించిన ఆ నోరు ఇప్పుడు పెగల్లేదు. నేను అట్లాంటిదాన్ని కాను అని కూడా అనలేకపోయింది. కొంగు బిగించి పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది. వాడు ఇంకో అడుగు దగ్గరికి వేశాడు.

"ఏయ్! మేరీ మా హై!"

వెనక నుంచి వచ్చింది ఆ కేక. నెలలుగా వాడక తుప్పు పట్టిన గొంతు, మధ్యలో విరిగింది. రత్నాబాయి తిరిగి చూసేసరికి మంగళ. చెప్పుల్లేవు, ఒక జడ ఊడిపోయి ఉంది, వెలుతురికి కళ్లు చిట్లించుకుంటోంది, మెట్లు దిగి వచ్చిన ఆయాసానికి రొప్పుతోంది. వచ్చి తల్లికి ముందు నిలబడింది. ఆ మనిషి గతుక్కుమని సంచి సర్దుకుని జనంలో కలిసిపోయాడు. అయినా మంగళ ఆగలేదు. పాన్‌ డబ్బా వైపు తిరిగి హిందీలో అరిచింది, అప్పుడే ఆగిన బస్సు వైపు తిరిగి మరాఠీలో అరిచింది. "మాఝీ ఆయీ ఆహే! మాఝీ ఆయీ!" ఏడుస్తూ అరుస్తోంది, అరుస్తూ ఏడుస్తోంది. బస్సు మెట్టు మీద ఒక కాలు కిందికి పెట్టిన శాంతాబాయి అట్లాగే ఆగిపోయింది.

రత్నాబాయికి సిగ్గు నిలువునా ముంచుకొచ్చింది. తను రెండేళ్లుగా దాచమన్న మాటను, లేవలేని పిల్ల లేచి వచ్చి నడిరోడ్డు మీద అరిచి చెప్పవలసి వచ్చింది. కూతురి భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఊకో బిడ్డా, ఊకో. అందరు ఇంటున్నరు."

"ఇననియ్యి," అంది మంగళ.

శాంతాబాయి రోడ్డు దాటి వచ్చేదాకా తల్లీకూతుళ్లిద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.